అక్షరం వెనక అంకె

సీ భాష కొత్తగా నేర్చుకునేవాళ్ల చేత తొలి వారాల్లోనే చేయించే ఒక చిన్న ప్రోగ్రాము ఉంది. కీబోర్డు మీద ఏదో ఒక అక్షరం నొక్కితే, కంప్యూటరు లోపల ఆ అక్షరానికి ఉన్న సంఖ్య ఎంతో తెర మీద చూపించాలి. పాలిటెక్నిక్, డిగ్రీ, బీటెక్ ఎక్కడైనా ల్యాబ్ రికార్డు తిరగేస్తే ఇది కనబడుతుంది. రాసేది నాలుగైదు లైన్లే. ఇంగ్లీషు పెద్ద 'ఏ' నొక్కితే 65 వస్తుంది. చిన్న 'ఏ' నొక్కితే 97. సున్నా నొక్కితే 48. జవాబు సరిపోయింది కాబట్టి మాస్టారు సంతకం పెడతారు, పిల్లలు తర్వాతి ప్రోగ్రాముకు వెళ్లిపోతారు.

అంత తొందరగా వదిలేయాల్సిన ప్రోగ్రాము కాదిది. 65 ఎందుకైంది, 1 ఎందుకు కాలేదు? సున్నాకు సున్నా కాకుండా 48 ఏమిటి? వీటన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటుంది: అదే ప్రోగ్రాములో 'అ' కొడితే ఏమొస్తుంది? ఈ ప్రశ్న దాకా వచ్చిన విద్యార్థి కంప్యూటరులో మన భాష ఎలా నిలబడి ఉందో తన చేత్తో తానే విప్పి చూసుకోగలడు.

ముందు ఆ ప్రోగ్రాము చేసే పనేమిటో చూద్దాం. అది అక్షరాన్ని సంఖ్యగా మారుస్తుందని చాలామంది అనుకుంటారు. మార్చడానికి అక్కడ అక్షరమంటూ ఏదీ లేదు. మెమరీలో ఉన్నది మొదటినుంచీ 65 అనే సంఖ్యే. ఇంకా కచ్చితంగా చెబితే 01000001 అనే ఎనిమిది బిట్లు. 'ప్రింట్‌ఎఫ్'లో శాతం గుర్తు పక్కన 'సి' రాస్తే, ఆ సంఖ్యకు ఫాంటులో ఏ బొమ్మ ఉందో అది తెర మీదికి వస్తుంది. 'డి' రాస్తే అదే సంఖ్య 65 అని అంకెల్లో వస్తుంది. ఉన్న విషయం ఒకటే, చూపించమన్న తీరు మారింది. ఇందులో ఇంకో లోతు కూడా ఉంది. తెర మీద మనకు కనిపించే ఆ '6', '5' అన్నవి కూడా అక్షరాలే. వాటిని చూపించడానికి కంప్యూటరు లోపల 54, 53 అనే రెండు సంఖ్యలను తెరకు పంపుతోంది. అంకెను అంకెగా చూడాలన్నా మళ్లీ అక్షరం దారిలోనే రావాలి.

సీ భాష ఈ సంగతిని ఏ మాత్రం దాచుకోదు. ఒంటి కోట్ల మధ్య ఒక అక్షరం రాస్తే, ఆ భాష దృష్టిలో అది నేరుగా పూర్ణసంఖ్య. దానికి ఒకటి కలపవచ్చు, రెండుతో గుణించవచ్చు, లూపులో పెద్ద 'ఏ' నుంచి పెద్ద 'జెడ్' దాకా నడిపించవచ్చు. పైథాన్ అలా ఒప్పుకోదు. అక్కడ అక్షరం వేరు, సంఖ్య వేరు. ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి వెళ్లాలంటే 'ఆర్డ్' అనే ఫంక్షన్‌ను అడగాలి, తిరిగి రావాలంటే 'సీహెచ్‌ఆర్' అనే ఫంక్షన్‌ను అడగాలి. జావాలో అక్షరం ముందు బ్రాకెట్లలో 'ఇంట్' అని పెడితే పనైపోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు పైథాన్ పద్ధతే మంచిదని నా అభిప్రాయం. రెండింటి మధ్య గీత కళ్లకు కనబడుతుంది కాబట్టి, దాన్ని దాటుతున్నామన్న ఎరుక ఉంటుంది.

ఇక 65 సంగతి. అక్షరాలకు సంఖ్యలివ్వడం కంప్యూటర్లతో మొదలైన పని కాదు. ఫ్రాన్సు తంతి శాఖలో పనిచేసిన ఎమిల్ బొడో 1874లో పేటెంటు పొందిన టెలిగ్రాఫ్ పద్ధతిలో ప్రతి అక్షరానికీ ఐదు గుర్తులుండేవి. ఐదు బిట్లతో 32 రకాలే సాధ్యం. అక్షరాలకూ అంకెలకూ కలిపి అవి చాలవు. అందుకని 'ఇప్పట్నుంచి అంకెలు', 'ఇప్పట్నుంచి అక్షరాలు' అని చెప్పే ప్రత్యేక సంకేతాలు పెట్టి, ఒకే సంఖ్యను రెండు పనులకు వాడుకున్నారు. మధ్యలో ఆ సంకేతం ఒక్కటి చెడితే తర్వాత వచ్చేదంతా తప్పు. కంప్యూటర్లు వచ్చేనాటికి ఒక్కో కంపెనీ ఒక్కో పట్టిక వాడుకుంటోంది. ఒక యంత్రం రాసింది ఇంకో యంత్రం చదవలేని పరిస్థితి. దాన్ని సరిచేయడానికి అమెరికన్ స్టాండర్డ్స్ అసోసియేషన్ కమిటీ 1963లో ఏడు బిట్ల పట్టిక ఒకటి విడుదల చేసింది. దాని పేరే ఆస్కీ. మొత్తం 128 గళ్లు. మొదటి ప్రచురణలో చిన్న అక్షరాలకు ఇంకా చోటు ఖరారు కాలేదు. 1967 సవరణలో అవి కుదురుకున్నాయి. 1968లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ అమెరికా ప్రభుత్వం కొనే కంప్యూటర్లన్నీ దీన్ని పాటించాలని ఆదేశించడంతో ఆస్కీకి తిరుగు లేకుండా పోయింది.

ఆ పట్టికను రెండింటి లెక్కలో రాసి చూస్తే దాన్ని అమర్చినవాళ్ల తెలివి అర్థమవుతుంది. 64 అంటే 1000000. దాని పక్కనే మొదటి అక్షరం: 1000001, అంటే 65. రెండోది 66, మూడోది 67. చివరి ఐదు బిట్లు మాత్రమే చూస్తే అక్షరమాలలో దాని వరుస సంఖ్య ఎంతో అదే వస్తుంది: 'ఏ' 1, 'బీ' 2, 'జెడ్' 26. చిన్న అక్షరాలు 96 తర్వాత మొదలవుతాయి. అందువల్ల పెద్ద అక్షరానికీ చిన్న అక్షరానికీ తేడా ఎప్పుడూ 32. అంటే ఒకే ఒక్క బిట్ తేడా. ఆ బిట్‌ను వెలిగిస్తే చిన్నక్షరం, ఆర్పితే పెద్దక్షరం. అంకెలు 48 నుంచి మొదలవుతాయి. 48 అంటే 0110000. చివరి నాలుగు బిట్లు 0000. '7' కోడ్ 55, అంటే 0110111. చివరి నాలుగు బిట్లు చదివితే ఏడే. అందుకే అక్షరాల రూపంలో వచ్చిన అంకెను నిజమైన సంఖ్యగా వాడుకోవాలంటే 48 తీసేస్తే సరిపోతుంది. సీ ప్రోగ్రాముల్లో 'అక్షరంలోంచి సున్నా అక్షరాన్ని తీసివేయి' అనే లైను కనబడినప్పుడల్లా జరుగుతున్నది ఇదే.

మొదటి 32 గళ్లలో కనిపించే అక్షరాలు లేవు. అవి యంత్రానికి ఇచ్చే ఆజ్ఞలు. 7 వస్తే టెలిటైప్ యంత్రం గంట కొట్టాలి. 10 వస్తే కాగితం ఒక వరుస పైకి జరగాలి, 13 వస్తే అచ్చు తల ఎడమ అంచుకు రావాలి. పట్టికలో చివరి గడి 127, డిలీట్. ఏడు బిట్లూ ఒకట్లే. దీని వెనక పేపరు టేపు ఉంది. టేపు మీద రంధ్రం పడితే ఒకటి, పడకపోతే సున్నా. పడిన రంధ్రాన్ని పూడ్చలేం. తప్పు అక్షరం కొట్టినప్పుడు టేపును వెనక్కి జరిపి, ఆ వరుసలో ఏడు రంధ్రాలూ పొడిచేసేవాళ్లు. ఏడూ పడ్డ చోటును చదివే యంత్రం వదిలేసి ముందుకు పోతుంది. అందుకే చెరిపివేతకు 127. కాగితానికున్న ఒక పరిమితి ఈ రోజుకీ మన ఫోన్లలో ఉన్న పట్టికలో ఒక గడిగా మిగిలింది.

అయితే 65 అన్నది ప్రకృతి నియమం కాదని గుర్తుపెట్టుకోవాలి. 1964లో ఐబీఎం తన సిస్టమ్/360 కంప్యూటర్లను ఎబ్సిడిక్ అనే వేరే పట్టికతో తీసుకొచ్చింది. అందులో పెద్ద 'ఏ' 193. పంచ్ కార్డుల వారసత్వం వల్ల అందులో అక్షరాలు వరుసగా కూడా ఉండవు: 'ఐ' 201 అయితే దాని తర్వాతి 'జే' 209. మధ్యలో ఏడు గళ్ల ఎడం. 'ఏ'కి ఒకటి కలుపుతూ పోతే 'జెడ్' వస్తుందని నమ్మి రాసిన ప్రోగ్రాము అక్కడ తప్పుతుంది. సీ భాష ప్రమాణం ఈ విషయంలో జాగ్రత్తగా ఉంది. సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెల కోడ్‌లు వరుసగా ఉంటాయని మాత్రమే హామీ ఇస్తుంది. అక్షరాల గురించి అలాంటి హామీ ఏదీ ఇవ్వదు.

ఇప్పుడు 'అ'.

లినక్స్ కంప్యూటరులో తెలుగు కీబోర్డు పెట్టుకుని, అదే సీ ప్రోగ్రామును నడిపి 'అ' కొడితే సాధారణంగా −32 వస్తుంది. 'క' కొట్టినా −32. 'మ' కొట్టినా −32. హిందీ, తమిళ, కన్నడ అక్షరాలు కొట్టినా అదే −32. ప్రోగ్రాము పాడైందని అనిపిస్తుంది, కానీ అది చెప్పినదాంట్లో అబద్ధం లేదు. సీ భాషలో 'క్యార్' అంటే ఒక బైట్ మాత్రమే. మన అక్షరం ఒక బైట్‌లో పట్టదు. 'అ' మూడు బైట్లుగా వచ్చింది: 224, 176, 133. ప్రోగ్రాము మొదటి బైట్ ఒక్కటే తీసుకుంది. మామూలు పీసీల్లో 'క్యార్' రుణ సంఖ్యలను కూడా పట్టుకునే రకం కాబట్టి 127 దాటినదాన్ని 256 తగ్గించి చూపిస్తుంది. 224లోంచి 256 తీసేస్తే −32. మనవే కాదు, భారతీయ లిపుల్లో ప్రధానమైనవన్నీ ఆ మొదటి బైట్‌తోనే మొదలవుతాయి. అందుకే అన్నిటికీ ఒకే జవాబు వచ్చింది.

మూడు బైట్లలోంచి అసలు సంఖ్యను కాగితం మీదే రాబట్టవచ్చు. మూడు బైట్ల అక్షరంలో మొదటి బైట్ ఎప్పుడూ 1110తో మొదలవుతుంది. 'నాతో కలిపి మూడు బైట్లున్నాయి' అని చెప్పడానికి ఆ గుర్తు. తర్వాతి బైట్లు 10తో మొదలవుతాయి. 'నేను కొనసాగింపును' అని చెప్పడానికి. ఆ గుర్తులను తీసేస్తే మొదటి బైట్‌లో మిగిలేది 224 − 224 = 0. రెండోదాంట్లో 176 − 128 = 48. మూడోదాంట్లో 133 − 128 = 5. రెండోదాన్ని 64తో గుణించి మూడోది కలపాలి: 48 × 64 + 5 = 3077. 'అ' అసలు సంఖ్య అదే. పైథాన్‌లో 'ఆర్డ్'ను అడిగితే ఇంత లెక్క లేకుండా ఒక్క మాటలో 3077 అని చెబుతుంది. విద్యార్థి ఒక్కసారైనా ఈ లెక్క చేత్తో చేసి, ఆ తర్వాత పైథాన్ జవాబుతో సరిచూసుకుంటే మంచిది. ఫంక్షన్ లోపల ఏం జరుగుతుందో ఇక ఎప్పటికీ మరచిపోడు.

ఈ బైట్ల ఏర్పాటు పేరు యూటీఎఫ్-8. బెల్ ల్యాబ్స్‌కు చెందిన కెన్ థామ్సన్, రాబ్ పైక్ 1992 సెప్టెంబరులో న్యూజెర్సీలో రాత్రి భోజనానికి వెళ్లిన చోట, బల్ల మీద పళ్లెం కింద పరిచే కాగితం మీద దీన్ని గీశారు. ఇందులోని గొప్పతనం ఏమిటంటే 127 లోపు సంఖ్యలన్నీ ఆస్కీలో ఉన్నట్టే ఒక్క బైట్‌లో ఉండిపోతాయి. ముప్పై ఏళ్లుగా పేరుకున్న ఇంగ్లీషు ఫైళ్లలో ఒక్క బిట్ మార్చాల్సిన పని లేకుండానే ప్రపంచ భాషలన్నిటికీ తలుపు తెరుచుకుంది.

మరి 3077 అన్న సంఖ్య ఎవరిచ్చారు? యూనికోడ్. ప్రపంచంలోని అన్ని లిపులకూ ఒకే పట్టిక ఉండాలని జిరాక్స్ కంపెనీకి చెందిన జో బెకర్ 1988లో ప్రతిపాదించారు. 1991లో మొదటి ప్రచురణ వచ్చింది. తెలుగు అందులో మొదటినుంచీ ఉంది. ఈ రోజు ఆ పట్టికలో 0 నుంచి 1114111 దాకా స్థానాలున్నాయి. అందులో 3072 నుంచి 3199 దాకా 128 స్థానాలు తెలుగువి. ఆస్కీ మొత్తానికి ఎంత చోటుందో తెలుగు ఒక్కదానికే అంత చోటు.

ఆ 128 గళ్లను పైథాన్‌లో ఒక చిన్న లూపు రాసి తెర మీద పరిచి చూడండి. అచ్చులు 3077తో మొదలై 'ఋ' దాకా వరుసగా వస్తాయి. హల్లుల దగ్గర ఇంకా ముచ్చటగా ఉంటుంది. 'క' 3093. వర్గానికి ఐదక్షరాలు కాబట్టి 'చ' 3098 కావాలి, అంతే ఉంది. 'ట' 3103, 'త' 3108. చదువుకున్న వర్ణమాల లెక్కలోకి చక్కగా ఒదిగిపోయింది. ఇదే వరుసలో 'ప' 3113 కావాలి. కానీ 'ఆర్డ్'ను అడిగితే 3114 అంటుంది. 'న' 3112. మధ్యలో 3113 ఖాళీ.

క్లాసులో రోల్ నంబర్లు పిలుస్తుంటే ఒక నంబరుకు ఎవరూ పలకకపోతే, ఆ నంబరు ఎవరిదై ఉంటుందో వెతకాలనిపిస్తుంది. ఈ 3113 తమిళానిది. తమిళంలో 'న'లు రెండున్నాయి. తమిళానికిచ్చిన గళ్లు తెలుగు గళ్లకు సరిగ్గా 128 ముందున్నాయి. 3113లోంచి 128 తీసేస్తే 2985. అక్కడ తమిళుల రెండో 'న' కూర్చుని ఉంది. అలాగే తెలుగు అచ్చుల్లో 3085, 3089 ఖాళీ. దేవనాగరిలో ఇంగ్లీషు పదాల ఉచ్చారణ కోసం పెట్టుకున్న రెండు అచ్చుల స్థానాలవి. మనకు వాటితో పని లేదు.

ఈ ఖాళీల కథ ఇస్కీ దగ్గర మొదలవుతుంది. యూనికోడ్ కంటే ముందే మన దేశంలో భారతీయ భాషల కోసం ఎనిమిది బిట్ల పట్టిక తయారుచేశారు. భారతీయ ప్రమాణాల సంస్థ దాన్ని 1991లో ప్రమాణంగా స్వీకరించింది. బ్రాహ్మి నుంచి పుట్టిన లిపులన్నిటికీ వర్ణక్రమం దాదాపు ఒకటే కాబట్టి ఒకే పట్టిక చాలు అన్నది దాని మూల సూత్రం. అందులో 'క' ధ్వనికి 179. అది తెలుగులో కనబడాలా, బెంగాలీలో కనబడాలా అన్నది వేరే సంకేతం చెబుతుంది. యూనికోడ్ ఒక్కో లిపికీ విడివిడిగా గళ్లిచ్చింది గానీ, ఇస్కీ 1988 నాటి అమరికను ఆధారం చేసుకుని ప్రతి లిపిలోనూ అదే వరుస ఉంచింది. ఆ వరుసలో ఒక లిపికి లేని ధ్వని వస్తే ఆ గడి ఖాళీగా వదిలారు. 'వ'కు ముందున్న 3124 కూడా అలాగే చాలాకాలం ఖాళీగా ఉండేది. తమిళంలో ఉన్న మూడో రకం 'ళ' స్థానం అది. పాత తెలుగు శాసనాల్లో అలాంటి అక్షరమే ఉంది. 2014లో దాన్ని ఆ గడిలోనే కూర్చోబెట్టారు.

ఈ అమరిక వల్ల ఒక అందమైన ప్రయోగం సాధ్యమవుతుంది. కన్నడం గళ్లు తెలుగు గళ్లకు సరిగ్గా 128 తర్వాత ఉన్నాయి. 'తెలుగు' అన్న మాటలోని ఒక్కో సంఖ్యకూ 128 కలిపి, తిరిగి అక్షరంగా మారిస్తే తెర మీద అదే మాట కన్నడ లిపిలో వస్తుంది. ప్రోగ్రాము రెండు మూడు లైన్లు మించదు. రాయదుర్గంలోనో జహీరాబాద్‌లోనో రెండు లిపుల బోర్డులూ చూస్తూ పెరిగిన పిల్లలకు ఇది చేసి చూపించాలి. ఒకే అక్షరమాల అని పెద్దవాళ్లు చెప్పిన మాట వాళ్లకు కూడికలో కనబడుతుంది.

అలాగని ఆ వరుస అన్నివిధాలా మనకు సరిపోయేది కాదు. బళ్లో నేర్చుకున్నది య, ర, ల, వ, శ, ష, స, హ, ళ, క్ష, ఱ. పట్టికలో 'ర' 3120, బండి 'ఱ' 3121, 'ల' 3122, 'ళ' 3123. 'వ' ఎక్కడో 3125. సంఖ్యల ప్రకారం పేర్లను వరుసలో పెట్టే ప్రోగ్రాము 'ళ'తో సాగే మాటను 'వ'తో సాగేదానికంటే ముందు పెడుతుంది. 'క్ష'కు అసలు సొంత సంఖ్యే లేదు. ఒకసారి ఇచ్చిన సంఖ్యను మార్చకూడదన్నది యూనికోడ్ నియమం కాబట్టి ఇది ఇక మారదు. నిఘంటువు వరుస కావాలంటే అందుకు వేరే పట్టిక పెట్టుకోవాలి. అక్షరం సంఖ్య గుర్తించడానికే గాని వరుస పెట్టడానికి కాదన్న సంగతి ఇక్కడే తెలుసుకోవాలి.

'క్ష'కు సంఖ్య లేదన్నాను. మరి కంప్యూటరు దాన్ని ఎలా దాచుకుంటుంది? మూడు సంఖ్యలుగా: 'క' 3093, పొల్లు 3149, 'ష' 3127. హల్లుకు పొల్లు తగిలించి, ఆ వెంటనే ఇంకో హల్లు రాస్తే రెండోది వత్తుగా మారాలని ఫాంటుకు తెలుసు. వత్తులకు విడిగా సంఖ్యలు లేవు. క్రావడికీ లేదు. తలకట్టుకూ లేదు, 3093లోనే 'అ'కారం కలిసి ఉంది. మిగతా గుణింతపు గుర్తులకు మాత్రం 3134 మొదలుకొని సంఖ్యలున్నాయి: దీర్ఘం 3134, గుడి 3135, గుడిదీర్ఘం 3136, కొమ్ము 3137. కాబట్టి 'స్త్రీ' అనే ఒక్క అక్షరం లోపల ఆరు సంఖ్యలున్నాయి: 3128, 3149, 3108, 3149, 3120, 3136. 'తెలుగు' మనకు మూడక్షరాలు. పైథాన్ పొడవు అడిగితే 6 అంటుంది. సీలో పొడవు కొలిచే ఫంక్షన్ 18 అంటుంది, అది బైట్లు లెక్కపెడుతుంది గనుక. ముగ్గురూ సరిగ్గానే లెక్కపెట్టారు, లెక్కపెట్టిన వస్తువులు వేరు. ఇంగ్లీషు ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడితే తెలుగులో 70 మాత్రమే పట్టడం, ఆ 70లో ప్రతి కొమ్మూ ప్రతి గుడీ లెక్కకు రావడం కూడా ఇందువల్లే.

ఇది తెలుసుకోకుండా రాసిన ప్రోగ్రాము ఎక్కడ బోల్తా పడుతుందో చూడటానికి 'వికటకవి' కంటే మంచి మాట లేదు. ముందునుంచి చదివినా వెనకనుంచి చదివినా ఒకటేనని తెనాలి రామకృష్ణుడి కథ విన్న ప్రతి పిల్లవాడికీ తెలుసు. ప్రోగ్రామింగు పాఠాల్లో కూడా మాటను తిప్పి చూసి రెండూ ఒకటేనా అని పోల్చే అభ్యాసం ఉంటుంది. పైథాన్‌లో ఒక లైను పని. ఆ లైనుకు 'వికటకవి' ఇస్తే కాదంటుంది. లోపలి సంఖ్యలు రాస్తే కారణం బయటపడుతుంది: 3125, 3135, 3093, 3103, 3093, 3125, 3135. తిప్పితే 3135, 3125, 3093, 3103, 3093, 3135, 3125. చివరి 'వి'లోని గుడి మాట మొదట్లోకి వచ్చి, పట్టుకోవడానికి హల్లు లేక ఒంటరిగా నిలబడింది. మొదటి 'వి'లోని గుడి వెళ్లి 'క' మీద ఎక్కి 'కి' చేసింది. 'నటన', 'జలజ', 'సరస' ఇస్తే మాత్రం అవునంటుంది, వాటిలో గుణింతపు గుర్తులు లేవు గనుక. ఆ మూడు మాటలతోనే పరీక్షించి ప్రోగ్రాము బాగుందనుకున్న విద్యార్థి తన తప్పు ఎప్పటికీ తెలుసుకోలేడు.

దీన్ని సరిచేయడానికి పనికొచ్చేది మళ్లీ ఆ సంఖ్యలే. అరసున్న, సున్న, విసర్గల సంఖ్యలు 3073, 3074, 3075. గుణింతపు గుర్తులూ పొల్లూ 3134 నుంచి 3149 లోపు. ఇవి ఎదురైతే కొత్త అక్షరం మొదలుపెట్టకుండా ముందున్నదానికే అతికించాలి. 3093 నుంచి 3129 లోపు హల్లు వస్తే ఒకసారి వెనక్కి చూడాలి: ముందు సంఖ్య 3149 అయితే ఇది వత్తు, ముందుదానికే చేర్చాలి, కాకపోతే కొత్త అక్షరం. ఇలా కట్టలు కట్టుకుని, ఆ కట్టలను తిప్పితే 'వికటకవి' మళ్లీ 'వికటకవి'గా వస్తుంది. ఒక్క జాగ్రత్త ఉంది. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు 'ట్' కింద 'వ' వత్తు పడకుండా మధ్యలో కనిపించని గుర్తు ఒకటి పెడతాం. దాని సంఖ్య 8204. అది ఉంటే వెనక పొల్లు ఉన్నా తర్వాతిది కొత్త అక్షరమే.

ఈ కట్టలు కట్టే పని పెద్ద పెద్ద కంపెనీలకు కూడా కష్టమేనని 2018 ఫిబ్రవరిలో లోకానికంతా తెలిసింది. 3100, 3149, 3102, 8204, 3134 అనే ఐదు సంఖ్యలు, అంటే 'జ్ఞా'లో దీర్ఘానికి ముందు ఆ కనిపించని గుర్తు చేరిన రూపం, సందేశంలో వస్తే ఐఫోన్లలో దాన్ని చూపించబోయిన యాప్‌లు కూలిపోయేవి. యాపిల్ ఆ నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. యూనికోడ్ సొంత నియమాల్లో కూడా పొల్లు తర్వాతి హల్లును విడదీయకుండా ఒకే అక్షరంగా లెక్కించే సూత్రం తెలుగుకూ మరికొన్ని భారతీయ లిపులకూ 2023లో వచ్చిన 15.1 ప్రచురణతోనే చేరింది. అంతవరకు ఆ నియమాల లెక్కలో 'స్త్రీ' మూడు ముక్కలు. ఇంత ఆలస్యానికి ఒక కారణం, ఈ భాషలు రాసేవాళ్ల చేతుల్లో పరీక్షలు తగినన్ని జరగకపోవడమేనని నేను నమ్ముతాను.

మన అంకెలను కూడా ఒకసారి అడిగి చూడాలి. ౦ నుంచి ౯ దాకా 3174 నుంచి 3183. ఇక్కడ 48 బదులు 3174 తీసేస్తే విలువ వస్తుంది. పైథాన్ ఆ శ్రమ కూడా పెట్టదు. '౨౦౨౪' అని కోట్లలో ఇచ్చి 'ఇంట్'గా మార్చమంటే మారుమాట లేకుండా 2024 అని ఇస్తుంది. తెలుగు అంకెలు మనం వాడటం మానేశాం గానీ ఆ భాష తయారుచేసినవాళ్లు వాటికి చోటు ఉంచారు.

ప్రోగ్రామింగు నేర్పే ఉపాధ్యాయులకు ఒక విన్నపం. అక్షరం కోడ్ కనుక్కునే అభ్యాసం ఇచ్చినప్పుడు ప్రతి విద్యార్థినీ తన పేరు తెలుగులో కొట్టి, అందులోని సంఖ్యలన్నీ విడివిడిగా రాసి, ఏది హల్లో ఏది గుణింతమో ఏది పొల్లో గుర్తించమనండి. ఇది చదువుతున్న విద్యార్థి ఆ తర్వాత చేయాల్సిన పని ఒకటుంది: తిప్పి చదివే ప్రోగ్రామును పైన చెప్పిన నియమాలతో మీరే రాయండి. 'నటన'కూ, 'పులుపు'కూ, 'వికటకవి'కీ అది అవునని చెప్పాలి. 'తెలుగు'కు కాదని చెప్పాలి. నాలుగు జవాబులూ సరిగ్గా వచ్చేదాకా వదలకండి.